సాక్షి దిబ్బ

పాత చీర చింపిన పీలికని ఎడమచేతి వేళ్ళ చుట్టూ తిప్పి, కొసని లోపలికి దోపి, కాంతం తట్ట కిందికి చుట్టకుదురు బిగించింది. నెత్తిన పెట్టుకుని చూసింది. వదులు. మళ్ళీ విప్పింది, మళ్ళీ చుట్టింది. కువైట్ నించి దిగిన రోజున కట్టుకొచ్చిన చీర అది. ఒకప్పుడు చిలకాకుపచ్చ. ఇప్పుడు ఫలానా రంగని చెప్పడానికి లేదు.

తెల్లారిందన్న మాటేగాని సూర్యుడింకా కొబ్బరాకుల పైకి రాలేదు. అయినా అప్పుడే ఉక్క. పెదకోడు మురుక్కాలవ గట్టు మీద ఆకు కదలటం లేదు. అడుగున మిగిలిన మడుగు చుట్టూ కాకులు వాలుతున్నాయి. వాలిన కాకి అరవాలి కదా, ఇవి అరవటం లేదు.

"అత్తా, ఇటు తిరుగు," అంది సూర్యకుమారి. ఆ పిల్ల జట్టుకి మేటు. పనిలోకి దిగేముందోసారి, ఎక్కేముందోసారి హాజరుకోసం అందరి మొహాలూ ఫోనుకి పట్టించటం ఆ పిల్ల పని. "కళ్ళార్పు."

"ఆర్పేనే."

"మళ్ళీ ఆర్పు. అబ్బే, పట్టట్లేదత్తా. నిన్ను మనిషనుకోవట్లేదిది."

"నిన్నటిదాకా అనుకుందిగా. రాత్రికి రాత్రి ఏం మారిపోయేనంట?"

గట్టు దిగబోతున్న సాల్మన్ పార భుజాన వేసుకుని ఆగేడు. కాంతం పెనిమిటి దేవదానానికి పినతండ్రి కొడుకతను. జట్టులో తవ్వేది అతను, మోసేది ఆవిడ. "చచ్చిపోయినోళ్ళక్కూడా ఎక్కడో హాజరేసేసిందంట ఇది. మా వదిన్నేమో బతికుండగానే వద్దంటంది," అన్నాడు.

"నోరు కడుక్కోరా!" అంటూ కాంతం కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఎడమ జబ్బ పట్టుకుంది. తడిబట్టని ఎవరో మెలేసి పిండుతున్నట్టు రాత్రినించీ అక్కడ ఒకటే సలుపు. చెంగు తడిపి మొహం తుడుచుకుని మళ్ళీ నిలబడితే, ఎప్పటికో పట్టింది ఫోను.

ఏటా ఎండాకాలం కాలవలు కట్టేసేక ఈ కోడులో ఉపాధి పని పడుతుంది. ఊళ్ళో నీరంతా ఏట్లోకి దిగాల్సింది దీని మీదుగానే. పూడు తియ్యకపోతే కార్తీకంలో చేలు కుళ్ళిపోతాయి. ఈ ఏడు సర్కారు డబ్బు ఎక్కువొచ్చిందిట. పూడు ఒక్కటే కాదు, గట్టు లోపలి పక్క కూడా కోసి కోడుని వెడల్పు చెయ్యమన్నారు. మనుషులు చేతుల్తో చెయ్యాల్సిన పని, అందుకే ఆ డబ్బు ఇచ్చేరు. మరి మట్టి తవ్వే ఆ పచ్చ మిషను ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పరు. వారం నించీ రోడ్డు పక్క కొబ్బరిచెట్ల కింద నిలబడి ఉంది, మడత పెట్టిన చెయ్యి గుండెలకి ఆనించుకుని. దాని డ్రైవరు ఎక్కడివాడో, అందులోనే పడుకుంటాడు. పొద్దున్నే లేచి పళ్ళు తోముకుంటూ తవ్వేవాళ్ళని చూస్తూ ఉంటాడు.

కాంతం ఆ మిషను వైపు చూడకుండా తట్ట తీసుకుని గోతిలోకి దిగింది. నేరుగా తన దిబ్బ దగ్గరికి పోయింది.

మట్టి పని తెలిసినవాళ్ళకి దిబ్బ సంగతి చెప్పక్కర్లేదు. గొయ్యి తవ్వేటప్పుడు మధ్యలో ఒకచోట ముట్టుకోకుండా వదిలేస్తారు. చుట్టూ మట్టి పోగా అది స్తంభంలా మిగులుతుంది. నెత్తిన గరిక గరికలాగే ఉండాలి. నేల ఇదిగో ఇక్కడిదాకా ఉండేది, మేం ఇంత లోతు తవ్వేం అని చెప్పే సాక్షి అది. కొలతలాయన వచ్చి టేపు పెట్టి కొలుస్తాడు. కొలిచేక సాక్షితో పనేముంది, కొట్టేస్తారు. కొందరు గడుసువాళ్ళు పక్కనించి గడ్డితో సహా ఒక పెచ్చు కోసుకొచ్చి దాని నెత్తిన అతికిస్తారు. దిబ్బ పొడుగైతే గొయ్యి లోతైనట్టే కదా! దాన్ని టోపీ పెట్టడం అంటారు. కాంతం ఎన్నడూ టోపీ పెట్టిన మనిషి కాదు.

దిబ్బ ఎక్కడ వదలాలనేది తవ్వేవాళ్ళ ఇష్టం. ఈ చోటుని కాంతం ఏరి కోరి అడిగింది. "ఇక్కడ తాటి వేళ్ళున్నాయిరా, గునపం దిగదు. దీన్నే వదిలేద్దాం," అంది. సాల్మన్ సరేనన్నాడు. వేళ్ళున్న మాట అబద్ధం కాదు. వేళ్ళ కింద ఏముందో చెప్పలేదు, అంతే.

ఎనభై ఆరు వరదలో ఏరు గట్టు దాటి పేటలోకి వచ్చిన రాత్రి కాంతం ఒళ్ళో పసిగుడ్డు ఉన్నాడు. తొలిచూలు. ఇంకా పేరు పెట్టలేదు. ఆదివారం పాస్టరుగారొచ్చి పెడతానన్నారు, శనివారం ఏరొచ్చింది. పేటంతా ఈ కోడుగట్టు మీదికే ఎక్కింది. మేకలూ, కోళ్ళూ, పాములూ, మనుషులూ, అన్నీ ఒక్కచోటే. పాము ఎవర్నీ కరవలేదు, దానికీ భయమే మరి. వానకి తడిసి తడిసి, పాలు పట్టక, తెల్లారేసరికి బిడ్డ చల్లబడిపోయేడు. సమాధుల దొడ్డి మీద తాడెత్తు నీళ్ళు. కనుచూపు మేరలో తేలి ఉన్న నేల ఈ గట్టే. దేవదానం పారకోసం అడగలేదు, ఎవరి దగ్గరుంటుంది గనక? అన్నం తినే సత్తుపళ్ళెంతో తవ్వేడు. గుర్తుకోసం పైన ఒక తాటి టెంక పాతేడు.

అది మొలిచింది. కాంతం చేలోకి వెళ్తూ వస్తూ దాని మీద చెయ్యి వేసేది. తర్వాత పుట్టిన ఆడపిల్లని చంకనేసుకుని వెళ్ళినప్పుడూ వేసింది. వరి నాట్లు, కొబ్బరి పీచు పని, ఆనక కువైట్లో ఎవరింట్లోనో వంట. ప్రయాణం రోజున ఆ చెట్టుకి చెప్పే వెళ్ళింది, దిగిన రోజున ఇంటికి పోకముందే పలకరించింది. ఆ తర్వాత గట్టు మీద దారి వేస్తామని ఎవరో దాన్ని కొట్టేసేరు. "పోనీలేవే, వేళ్ళున్నాయిగా," అన్నాడు దేవదానం. ఇప్పుడు ఆయనకి సమాధుల దొడ్డిలో సిమెంటు సిలువ ఉంది. వీడికి ఏమీ లేదు. కూతురు కువైట్ నించి ఫోను చేసి, "ఈ వయసులో నీకా మట్టి పనేమిటమ్మా, మానెయ్యి," అని పోరుతుంది. అయినా ఆ పిల్లకీ ఈ సంగతి చెప్పలేదు. చెప్పడానికి పేరేదీ?

ఈ ఏడు పెదకోడు కోత అనగానే కాంతానికి అన్నం సహించలేదు. వాడు ఎవరి పారకీ తగలకూడదు. అందుకే జట్టులో చేరింది.

తట్ట నిండింది. సాల్మన్ ఎత్తేడు, ఆవిడ మోసింది. గట్టెక్కి పోసి దిగింది. మళ్ళీ ఎక్కింది. ఎండ ముదిరేకొద్దీ గట్టు నిటారుగా లేస్తున్నట్టుంది. దిగినప్పుడల్లా దిబ్బకి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకునేది. దిబ్బ పక్కల్లోంచి తాటి వేళ్ళు పీచులాగ వేలాడుతున్నాయి. అడుగున మాత్రం చెమ్మ ఊరుతోంది. ఏటి పోటుకి కోడులోకి ఉప్పునీరు ఎగదన్నుతోందన్నమాట.

ఎండ నడినెత్తికి వస్తుండగా కొలతల ప్రకాష్ వచ్చేడు. మర్యాదస్తుడు, అందర్నీ అండీ అనే పిలుస్తాడు. చకచకా కొలిచేసి, టేపు చుట్టేస్తూ, "అయిపోయిందండీ. ఈ పూటే దిబ్బలు కొట్టేయండి. రేపు పొద్దున్న మిషను దిగుతుంది," అన్నాడు.

"మిషనా? మరి మా పనో?" అంది సూర్యకుమారి.

"కాలవలకి నీళ్ళు ఈసారి ముందే వదుల్తారంటండి. పైనుంచి చెప్పేరు. మీకు ఇంకోచోట చూపిస్తాం."

"పైనంటే ఎక్కడండీ? కొబ్బరిచెట్టు మీదా?" అన్నాడు సాల్మన్. కొందరు నవ్వేరు. ప్రకాష్ నవ్వలేదు, మోటారుసైకిలు వైపు నడిచేడు.

కాంతం తట్ట అక్కడే పడేసి అతని వెనకాల గబగబా వెళ్ళింది. "బాబూ, నా దిబ్బ మళ్ళీ కొలవాలండి."

"ఎందుకమ్మా, సరిగ్గానే ఉందిగా."

"లేదండి. టోపీ పెట్టేను."

గట్టు మీద అందరూ తల తిప్పి చూసేరు. ప్రకాష్ ఒక క్షణం ఆవిడ మొహంలోకి చూసి నవ్వేసేడు. "మీరా? ఊరంతా పెట్టినా మీరు పెట్టరమ్మా. ఎండకి తల తిరుగుతున్నట్టుంది, నీడకి పోండి."

"పెట్టేనండి! ఒట్టు. రాసుకోండి, దొంగకొలతని. మళ్ళీ కొలిచేదాకా ఎవరూ ముట్టుకోకూడదని రాసుకోండి."

"ఆయ్, అలాగేనమ్మా," అంటూనే బండి ఎక్కేడు. వెళ్ళిపోయేడు. బతుకంతా సంపాదించుకున్న మంచి పేరు ఒక్కపూట కూడా పక్కకి తప్పుకోలేదు.

రెండో ఫోటోకి సూర్యకుమారి ఫోను ఎత్తింది. "అదేంటత్తా, ఈసారి ఇలా చూపించేనో లేదో పట్టేసింది నిన్ను," అంది ఆశ్చర్యంగా.

గోతిలో ధబధబమని దిబ్బలు కూలుతున్నాయి. సాల్మన్ గునపం పట్టుకుని వచ్చేసరికి కాంతం తన దిబ్బకి అడ్డంగా నిలబడి ఉంది. పెదాలు తెల్లబడ్డాయి. నుదుటిమీద చెమట.

"ఏంటి వదినా నీ వరస? నీకు నువ్వే దొంగనని చెప్పుకుంటావా? జరుగు."

"సాల్మనూ, దీని కింద మా వాడున్నాడురా."

"ఎవడు?"

"వరదలో పోయినవాడు."

సాల్మన్ గునపం దించేడు. అతనప్పటికి బాగా చిన్నవాడు. గట్టు మీద ఒక రాత్రంతా ఎవరో ఆడమనిషి ఏడవకుండా ఊగుతూ కూచోవటం మాత్రం అతనికి లీలగా జ్ఞాపకం. దిబ్బ వైపు చూసేడు, చేతిలో గునపం వైపు చూసేడు, దాన్ని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేంటి?" అన్నాడు చివరికి.

"ఏమని చెప్పను? నువ్వెళ్ళు. కాసేపు కూచుని వస్తాను."

అతను గట్టెక్కేడు. కాంతం నెత్తినించి చుట్టకుదురు తీసింది. దిబ్బ మీద గరికలో పదిలంగా పెట్టింది. నీడంటూ ఏమీ లేదు, దిబ్బ నీడే ఒక చారెడు. అందులో కాళ్ళు చాపుకుని, వీపు మట్టికి ఆనించి కూచుంది. రోడ్డు పక్క మిషను డ్రైవరు ఇంజను సరిచూసుకుంటున్నట్టున్నాడు, ఒకసారి గుర్రుమని ఆగింది. మడుగు దగ్గర కాకులన్నీ ఒక్కసారి లేచేయి.

జట్టు ఇంటిదారి పట్టింది. "అత్తా, రావా?" అని సూర్యకుమారి గట్టు మీదనించి కేకేసింది. ఇంకోసారి కేకేసింది. సాల్మన్ గబగబా దిగి వెళ్ళేడు. కాంతం తల దిబ్బ మీదికి వాలి ఉంది, నిద్రపోయిన పిల్లదానిలా. కుడిచేతి వేళ్ళలో ఒక తాటి వేరు చుట్టుకుని ఉంది. అతను ఆ వేలూ ఈ వేలూ మెల్లగా విప్పేడు. వేరు తెగకుండా విప్పేడు.

ఆ సాయంత్రమే ఆవిణ్ణి దేవదానం పక్కన పెట్టేరు. కూతురు ఫోనులోంచే చూసి, ఫోనులోంచే ఏడ్చింది.

మర్నాడు తెల్లవారుతూనే మిషను గట్టు దిగింది. మడత చెయ్యి మొదటిసారి పూర్తిగా చాపింది. గోతిలో అప్పటికే మోకాలి లోతు ఉప్పునీరు. ఆ నీళ్ళలో సాల్మన్ నిలబడి ఉన్నాడు.

"తప్పుకోండి పెద్దాయనా," అన్నాడు డ్రైవరు పైనుంచి. "అన్నీ కొట్టేసి అదొక్కటీ ఎందుకు వదిలేరు?"

"దొంగకొలతండి అది. టోపీ పెట్టేరు. మళ్ళీ కొలిచేదాకా ముట్టుకోకూడదు."

"ఎవరు పెట్టేరు?"

"మా వదినండి."

"ఏదీ, పిలవండి ఆవిణ్ణి."

"నిన్న పోయిందండి."

డ్రైవరు నాలుక చప్పరించేడు. "మరి కొలిచేదెప్పుడు?"

"పైనుంచి చెప్పాలండి," అన్నాడు సాల్మన్.

డ్రైవరు ఫోను తీసి, ఎవరితోనో మాట్లాడటానికి గట్టు మీదికి నడిచేడు. ఇంజను ఆపలేదు. చాపిన చెయ్యి దిబ్బకి బారెడు దూరంలో గాల్లో వణుకుతూ నిలబడింది. పోటునీరు తాటి వేళ్ళని తడుపుతూ ఎక్కుతోంది. దిబ్బ నెత్తిన, గరికలో, చిలకాకుపచ్చ వెలిసిన చుట్టకుదురు ఎవరి తలకోసమో బిగించినట్టు గుండ్రంగా అలాగే ఉంది.