నలభయ్యో రోజు దాకా క్వాన్సాదే హక్కు

సోమవారం పొద్దున్నే ఎకువా పులిసిన మొక్కజొన్నపిండి కెంకీ ముద్ద ఆకు విప్పి, వేయించిన చేప పక్కన పెట్టుకుని, అదే చేత్తో కంప్యూటర్ తెరుస్తుంది. ఆమె నడిపే మా ఊరి సంఘం వెబ్‌సైట్‌కి చేపవాసన ఎందుకు రాదో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆ సైట్లో అన్నీ చావు ప్రకటనలే. ఒక్కో వంశానికి ఒక పేజీ. బతికున్నవాళ్లెవరైనా చదవొచ్చు, కొందరు రాయొచ్చు, ఖరారు చేసే హక్కు మాత్రం ఇంటిపెద్దది; ఖరారయ్యాక ఎవరూ చెరపలేరు. మూడు వందల వంశాల హక్కులు చేత్తో మార్చలేక ఎకువా ఒక ప్రోగ్రాం రాసుకుంది. అది వారానికోసారి జాబితా చదివి, ఇవ్వాల్సినవాళ్లకి ఇస్తుంది, తీసుకోవాల్సినవాళ్ల దగ్గర తీసుకుంటుంది. పెద్దలు చెప్పినట్టే రాసింది: ఇంటిపెద్ద పోతే నలభై రోజులు హక్కు అతనిదే, ఆ తర్వాత మేనల్లుడిది. పోయినవాళ్లు ఆ నలభై రోజులూ తమ ప్రకటన తామే దిద్దుకుంటారు కదా. నిరుడు చర్చి పాటల పెద్దావిడ శవాగారం నుంచే తన ఫొటో మూడుసార్లు మార్చింది. మూడోదీ బాగాలేదు.

ఈసారి పోయింది ఇంటిపెద్ద ఎబో క్వాన్సా. అతనితో ఇరవై రెండేళ్లు కాపురం చేసింది అబా మెన్సిమా. మా దగ్గర మగవాడు ఆడపిల్ల పుట్టింటికి మందు సీసాలు పట్టుకెళ్లి ఇస్తేనే పెళ్లి. క్వాన్సా ఆ సీసాలు ఏటా 'వచ్చే ఏడు' పట్టుకెళ్లేవాడు. బద్ధకంలో అతన్ని మించినవాడు మా తీరంలో ఒక్క మా ఆయనే.

అబా పేరు ప్రకటనలో లేకపోతే ఆమె భార్య కాదు. శవం తలవైపు చాప మీద చోటుండదు, నలభై రోజులు దాటాక వచ్చే శనివారం అంత్యక్రియలు కాగానే ఇల్లు ఖాళీ చేయాలి.

పోయిన మూడో రోజు నుంచి క్వాన్సా మొదలుపెట్టాడు. రోజూ పొద్దున ఆరింటికి పేజీలో 'భార్య: అబా మెన్సిమా' అని పడేది. ఎవరు మార్చారు: ఎబో క్వాన్సా. కారణం: ఆలస్యం చేశాను. ఖరారు మాత్రం 'రేపు' నొక్కేవాడు. ఏడింటికి మేనల్లుడు కొజో అంపా చెరిపేవాడు. అతనికి రాసే హక్కుంది. కారణం: సీసాలు ముట్టలేదు. ఆ గంటసేపూ అబా గదిలో క్వాన్సా పైపు పొగాకు వాసన, ఏడు కాగానే చలి.

ముప్పై నాలుగో రోజు కొజో, అబా ఇద్దరూ ఒకేసారి ఎకువా గుమ్మంలో తేలారు.

"ఏమ్మా ఎకువా, ఆ హక్కు ఇప్పుడే నాకు తిప్పేయరాదూ? మావయ్యకి ఎందుకీ శ్రమ, పడుకోనీ," అన్నాడు కొజో.

"నువ్వు పడుకో నాయనా, ఆయన లేచింది ఇప్పుడే," అంది అబా. తర్వాత గొంతు తగ్గించి, "తల్లీ, నలభై దాటాక ఇతను చెరిపితే మళ్లీ రాసేవాళ్లు లేరు. నువ్వేమైనా చెయ్యగలవా?"

"పిన్నీ, ఒకరికి చేత్తో మారిస్తే రేపు ఊరంతా నా గుమ్మంలోనే. ప్రోగ్రాం ఏం చెబితే అదే," అంది ఎకువా. కళ్లు మాత్రం ఎత్తలేదు.

ముప్పై తొమ్మిదో రోజు పేజీలో ఏమీ పడలేదు. కొజో ఏడింటి దాకా చూసి, చెరపడానికేమీ లేక కొంచెం దిగులుపడ్డాడు కూడా.

నలభయ్యో రోజు సోమవారం. క్వాన్సా ఇంటి ముందు, శనివారం శవాన్ని ఉంచబోయే చోట పరిచిన చాప మీద, చావుకి కట్టే ఎరుపు, నలుపు బట్టల్లో పెద్దలు కూర్చున్నారు. ఎకువా అక్కడే ప్రోగ్రాం నడిపింది. క్వాన్సా వంశం దగ్గర అది ఆగి, ఒక్క వరుస రాసింది: హక్కుదారు బతికే ఉన్నారు, మార్చవలసింది లేదు.

"బతికి ఉండటమేంటి?" అన్నాడు కొజో.

ఎకువా పాత వివరాలు తెరిచింది. నిన్న పొద్దున ఆరింటికి క్వాన్సా తన హక్కు ఇంకొకరికి ఇచ్చేశాడు. ఎవరికి: అబా మెన్సిమా. కారణం: వచ్చే ఏడు లేదు.

పోయినవాళ్లు హక్కు ఇచ్చెయ్యకుండా ఎకువా అడ్డు పెట్టలేదు. బతికుండగానే ఎవరూ ఎవరికీ ఏదీ ఇవ్వని ఊరిలో, చచ్చాక ఇస్తారని ఎవరనుకుంటారు?

"ప్రోగ్రాం మీరు చెప్పినట్టే రాశాను," అంది పెద్దలతో. వాళ్లు తలూపారు. చెప్పింది వాళ్లే మరి.

చచ్చాక ఇచ్చేసినవాడికి ఇంక ఏ హక్కూ ఉండదు, చూసే హక్కు కూడా. అబా గదిలో పొగాకు వాసన నిన్నటి నుంచి లేదు. పేజీలో భార్య అన్న చోట ఖాళీ అలాగే ఉంది.

అబా కంప్యూటర్ ముందు కూర్చుంది. మీటలు చచ్చినవాడి వేళ్లంత చల్లగా ఉన్నాయట. ఇరవై రెండేళ్లు ఇంకొకరు చెబుతారని చూసిన మాట, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టింది. ఖరారు నొక్కింది.

పెద్దలు కాళ్లు ముడుచుకుని, పక్కకి జరిగి, చాప మీద తలవైపు ఆమెకి చోటిచ్చారు.