మేడమీద గదిలో మిగిలిన చలికాలం

డొలోరెస్ గ్రాబోవ్‌స్కీ ఉదయాలకు ఒక క్రమం ఉండేది. లేవగానే వంటింటి నేలలో అమర్చిన ఇనుప జాలీ మీద అరచెయ్యి ఆనించి, కింద నేలమాళిగలోని ఫర్నేసు వెచ్చని గాలి పంపుతున్నదో లేదో చూసేది. తరువాత కాఫీ పెట్టేది. అది మరిగేలోపు చీపురూ చేటా తీసుకుని మేడ ఎక్కి, వీధివైపు గది తలుపు కిందినుంచి రాత్రి బయటికి వచ్చి పడిన మంచును ఊడ్చి, స్నానపుతొట్టిలో పారబోసి దిగివచ్చేది. ఆగస్టులోనూ ఆ ఊడ్చే పని తప్పేది కాదు. ఆగస్టులో ఉన్ని తొడుగులు లేకుండా ఊడ్చేది, అంతే తేడా.

ఆ గదిలో పెద్ద తుపాను నాటి చలికాలం మిగిలిపోయిందని బఫెలో నగరంలో ఆ పేట వాళ్ళందరికీ తెలుసు. ఈస్టరు పండుగకు వెన్నతో మలిచే గొర్రెపిల్ల బొమ్మలను చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు తెచ్చి ఆ గది గుమ్మం లోపల మంచులో గుచ్చి వెళ్ళేవారు. జులైలో ఉక్కపోసినప్పుడు డొలోరెస్ కూతురు మార్లీన్ ఆ తలుపు రవ్వంత తెరిచి ఉంచేది. ఇల్లంతా చల్లబడేది. ఫర్నేసుకు తగిలించిన ఏసీ ఎన్నడో పాడైనా, దాన్ని బాగుచేయించవలసిన అవసరం రాలేదు.

"నీకేమే, మొగుడు పోతూపోతూ ఐసుపెట్టె ఇచ్చి పోయాడు. నా మొగుడు చుట్టకంపు ఇచ్చి పోయాడు" అనేది పక్కింటి ఫ్లోరెన్స్.

ఆ మొగుడి పేరు క్లెమెంట్. ఉక్కు కర్మాగారంలో పని. తుపాను వచ్చిన నాడు సరస్సు మీదినుంచి లేచిన మంచు వీధివాకిలినీ, పెరటివాకిలినీ కప్పివేసింది. మలుపులో ఉన్న ఇంట్లో రీటా అనే నర్సు ఒంటరిగా ఉండేది. ఆమె ఇంటి పొగగొట్టం కూడా పూడిపోయినట్టు కనబడింది. క్లెమెంట్ పార భుజాన వేసుకుని ఆ మేడగది కిటికీలోనుంచి బయటికి దిగాడు. డొలోరెస్ కిటికీ మూసింది. ఆ ఏడు వంటగ్యాసుకూ, ఫర్నేసు గ్యాసుకూ కటకటగా ఉన్నందువల్ల ప్రతి ఇల్లాలూ చేసిన పనే తానూ చేసింది: వాడని గదిలోని జాలీ మూసివేసి, తలుపు కింద బొంత కుక్కి, ఉన్న వేడినంతా వంటింటికి మళ్ళించుకుని కూర్చున్నది. అప్పటికి మార్లీన్ ఆమె కడుపులో ఉంది.

క్లెమెంట్ రీటా వాకిలి తవ్వి తెరిచాడు. తిరిగి వస్తూ దారి తప్పాడు. మంచు కరిగినప్పుడు అతను రెండు ఇళ్ళకూ నడుమ దొరికాడు. పేట శ్మశానంలో పూడ్చి, ఆచారం ప్రకారం ఒకే రాతి మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ చెక్కించి, డొలోరెస్ పేరు పక్కన ఆమె పోయే సంవత్సరం కోసం చోటు వదిలిపెట్టారు.

అంత్యక్రియలు ముగిసి, బొంత తీసి గది తలుపు తెరిచేసరికి లోపల మంచు కురుస్తూనే ఉంది. అవతలి గోడ కంటికి ఆనలేదు. ఎంతో దూరాన పార గీసుకుంటున్న చప్పుడు వినబడింది. ఎత్తిపోసిన ప్రతిసారీ పారను బూటు మడమకు ఒకసారి తట్టడం క్లెమెంట్ అలవాటు. ఆ తట్టు కూడా వినబడింది. డొలోరెస్ తలుపు నెమ్మదిగా మూసి, ఫ్లోరెన్స్ దగ్గరికి వెళ్ళి చెప్పింది.

"మనం పూడ్చింది వసంతం తెచ్చి ఇచ్చిన మనిషిని. చలికాలం తన దగ్గరున్న మనిషిని ఇంకా ఇవ్వలేదు."

ఫ్లోరెన్స్ కొంచెం ఆలోచించి, "అయితే ఆ జాలీ మూసే ఉంచు. వేడి తగిలితే అతని దారి చెడుతుంది" అన్నది.

ఏటేటా ఆ చప్పుడు కాస్త కాస్త దగ్గరికి వస్తూ ఉండేది. డొలోరెస్ ఒక్కనాడూ అతన్ని పిలవలేదు. ఆ నగరంలో పుట్టిన ఆడవాళ్ళెవరూ మంచు తవ్వుతున్న మగవాణ్ణి పిలవరు. సూపు చల్లారిపోతున్నదని గుమ్మంలోనుంచి కేకవేస్తే అతను తొందరపడతాడు. తొందరపడిన గుండె పార మీదనే ఆగిపోతుంది. ప్రతి చలికాలం అలాంటి పిలుపుకు పేటలో ఎవరో ఒకరు బలి అయ్యేవారు. అందుచేత ఆమె తలుపు ఇవతల నిలబడి వినేది, ఊడ్చేది, దిగివచ్చేది. ఆమె జుట్టు తెల్లబడింది. మార్లీన్ బడి వంటశాలలో పనికి కుదిరి, పెళ్ళి మాట ఎత్తిన వాళ్ళకు ముభావంగా జవాబిచ్చి, ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

ఒక ఏడు శరదృతువులో ఫర్నేసు వెలిగించిన నాటినుంచి మార్లీన్‌కు తలనొప్పి పట్టుకుంది. ఒక ఆదివారం ప్రార్థన నుంచి వచ్చి, ఉల్లిపాయలు వేయిస్తూ పొయ్యి ముందు కూలిపోయింది. ఆసుపత్రిలో ఆమె రక్తంలో విషవాయువు ఉన్నదన్నారు. ఇంకొక రాత్రి ఆ ఇంట్లో పడుకుని ఉంటే లేచేది కాదన్నారు.

మర్నాడు రేమండ్ ద్జుబా వచ్చాడు. ఫర్నేసులు బిగించడం అతని వృత్తి. అతని తల్లి, డొలోరెస్ ఒకే బడిలో చదువుకున్నవారు. నేలమాళిగలో దీపం పట్టుకుని ఫర్నేసు కడుపులోకి తొంగిచూసి, చాలాసేపు నాలుక చప్పరించాడు.

"ఎవరు పెట్టించారు పిన్నీ దీన్ని?"

"మా మామగారు."

"అయితే నాకంటే పెద్దది. దణ్ణం పెట్టి సాగనంపుదాం. ఇదిగో, ఇటు వంగి చూడండి. మంటని లోపల ఆపే ఉక్కు పెట్టె ఇది. మంట వేరు, మీరు పీల్చే గాలి వేరు. మధ్యలో ఈ రేకే అడ్డం. ఆ రేకు కాస్తా చీలింది. వేలు పడుతుంది చూడండి."

"ఎందుకు చీలింది?"

రేమండ్ తలెత్తి, గొట్టాల వరుసలో మేడమీదికి పోయే ఒకదాన్ని చూపించాడు. దాని మీద తెల్లగా గడ్డకట్టి ఉంది.

"మీకు తెలీదా? ఇన్నేళ్ళు ఒక ముక్కుపుట మూసి దీన్ని పరిగెత్తించారు. అదీగాక పైనున్న చలి గోడల్లోంచి దిగి ఫర్నేసుకి వెనక్కొచ్చే గాలిలో కలుస్తోంది. కాలిన రేకు మీద చల్లగాలి పడితే చెమట పడుతుంది, తుప్పు పడుతుంది, పగుల్తుంది. ఇన్నాళ్ళు ఆగడమే గొప్ప."

"కొత్తది పెట్టు. ఏసీతో సహా పెట్టు. ఆ గది గొట్టం మాత్రం మూసేసి పెట్టు."

"పెట్టను పిన్నీ. కోప్పడకండి. గొట్టం మూసినంత మాత్రాన చలి ఊరుకుంటుందా? రెండేళ్ళు తిరక్కుండా కొత్తదీ పగుల్తుంది. అప్పుడు మార్లీన్‌ని ఆసుపత్రికి కాదు, ఇంకోచోటికి మొయ్యాలి. ఆ మోసేవాళ్ళలో నేనుండాలి. నా వల్ల కాదు. అన్ని జాలీలూ తెరిస్తేనే వెలిగిస్తాను."

అతను గ్యాసు ఆపివేసి, ఫర్నేసుకు దాన్ని వెలిగించకూడదనే ఎర్రచీటీ కట్టి వెళ్ళిపోయాడు.

మార్లీన్ ఇంటికి వచ్చి సంగతి విని, కోటు విప్పకుండానే వంటింటి బల్ల ముందు కూర్చున్నది.

"ఒక్క చలికాలం ఆగుదాం అమ్మా. కరెంటు హీటర్లు పెట్టుకుందాం."

"నీళ్ళ గొట్టాలు గడ్డకట్టి పగిలిపోతాయి."

"పగిలితే పగలనీ. చప్పుడు మంచం అవతలికి వచ్చేసింది. మొన్న ఆయన దగ్గడం కూడా విన్నాను."

"నిన్ను ఆ తలుపు దగ్గర నిలబడొద్దన్నాను."

"నువ్వు నిలబడలేదా? నువ్వైతే ఆయన్ని చూశావు. నేను చూడలేదు."

"అద్దంలో చూసుకో. ఆ ముక్కు ఆయనదే. అంతకుమించి చూడాల్సినంత అందగాడేం కాదు."

మార్లీన్ నవ్వబోయి ఏడ్చింది. డొలోరెస్ ఆమెను ఓదార్చలేదు. గిన్నెలో రొట్టె ముక్కలు వేసి, పాలు పోసి, ముందుకు జరిపింది. కూతురు తినేంతవరకూ ఎదురుగా కూర్చుని ఆమె పెదవుల రంగు చూస్తూ ఉన్నది. ఆ పెదవులింకా పాలిపోయే ఉన్నాయి. పిమ్మట లేచి వెళ్ళి రేమండ్‌కు ఫోను చేసింది.

పాత ఫర్నేసును ముక్కలు కోసి మోసుకుపోయారు. కొత్తది దాని చోట సగం కూడా ఆక్రమించలేదు. పెరట్లో కొత్త ఏసీ పెట్టె దిమ్మ మీద కూర్చున్నది. పనంతా అయ్యాక రేమండ్ మెట్ల కింద నిలబడి, టోపీ చేత్తో పట్టుకుని, "పిన్నీ, నేను వెళ్ళి తెరవనా?" అన్నాడు.

"నా గది జాలీ నేను తెరుస్తాను."

మోకాళ్ళలోతు మంచులో ఆమె ఇన్నేళ్ళలో మొదటిసారి గుమ్మం దాటి లోపలికి అడుగుపెట్టింది. మంచం పూర్తిగా పూడిపోయి ఉంది. దాని అవతల, కురుస్తున్న తెల్లదనంలో, పార గీసుకుంటున్నది. బూటు మడమకు తగులుతున్నది. మనిషి కనబడలేదు గానీ అతని ఊపిరి ఆవిరి పైకి లేవడం కనబడింది.

"క్లెమ్" అని పిలిచింది.

పార ఆగింది.

"ఎవరూ? డొలోరెసా? వచ్చేశానే! ఇంకో నాలుగు పారలు, అంతే. బార్లీ సూపు వెచ్చబెట్టు."

ఆ గొంతు ఇరవైల్లో ఉన్న మగవాడిది. ఆమె తన ముసలిగొంతు దాచుకోవడానికి శాలువ నోటికి అడ్డం పెట్టుకున్నది.

"రావద్దు."

"ఏం?"

"ఇటు వైపు పూర్తిగా పూడిపోయింది. నువ్వెంత తవ్వినా తెరుచుకోదు. వెనక్కి వెళ్ళు. రీటా ఇంట్లో వేడి ఉంది. తుపాను తగ్గేదాకా అక్కడే ఉండు."

"పిచ్చిదానా, ఇంత తవ్వి ఇప్పుడు వెనక్కా? నీ గొంతేంటి అలా ఉంది? జలుబు చేసిందా?"

"చేసింది."

"పాప కదులుతోందా?"

"కదులుతోంది. దాని కోసమే చెబుతున్నా. వెళ్ళు."

అతని ఊపిరి ఆవిరి ఇంకొకసారి పైకి లేచింది.

"సరే. కోపం లేదుగా?"

"లేదు. తొందరపడకు. నెమ్మదిగా నడువు."

బూటు మడమకు పార ఒకసారి తగిలింది. అడుగుల చప్పుడు దూరమైంది. అది బొత్తిగా వినబడకుండా పోయాక డొలోరెస్ వంగి, చేతులతో మంచు తవ్వి, జాలీ మీటను పట్టి తిప్పింది. అది తుప్పుపట్టి ఉంది. రెండు చేతులతో లాగవలసి వచ్చింది.

"వెలిగించు రేమండ్!" అని కిందికి కేకవేసింది.

సాయంత్రానికి వంటింటి కప్పులోనుంచి నీరు కారసాగింది. తల్లీకూతుళ్ళు బాల్చీలు పెట్టి, దుప్పట్లు పరిచి, పిండి, మళ్ళీ పరిచారు. గదిలో ఒక మంచం, ఒక కిటికీ, రంగు వెలిసిన తెర బయటపడ్డాయి. గది చాలా చిన్నది.

నవంబరులో చనిపోయినవాళ్ళ దినం వచ్చింది. ఇద్దరూ ఎప్పటిలాగే గాజు చిమ్నీలో కొవ్వొత్తి పెట్టుకుని శ్మశానానికి వెళ్ళారు. రాయి ఉండవలసిన చోటనే ఉంది. దాని మీద డొలోరెస్ పేరు ఒక్కటే ఉంది. పక్కన సంవత్సరం కోసం వదిలిన చోటు ఉంది. రాయికి ఎడమవైపు నేల ఎన్నడూ ఎవరూ తవ్వని నేల. గడ్డి ఒత్తుగా, సమంగా ఉంది.

మార్లీన్ తల్లి మోచెయ్యి పట్టుకున్నది.

నాలుగు వరుసల అవతల భర్త సమాధి తుడుస్తున్న ఫ్లోరెన్స్ వాళ్ళను చూసి నడిచివచ్చింది.

"ఏమే, నీ రాతికి నువ్వే దీపం పెట్టుకోడానికి వచ్చావా? చచ్చేదాకా ఆగవే, ఆ పుణ్యం మేం కట్టుకుంటాం."

"క్లెమెంట్ ఎక్కడున్నాడు?" అన్నది డొలోరెస్.

ఫ్లోరెన్స్ ముఖంలో నవ్వు పోయింది. మార్లీన్ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఇన్నేళ్ళకి ఆ పేరు నీ నోట వింటున్నాను. ఎక్కడుంటాడు? క్లీవ్‌లాండ్‌లో. రీటా పక్కనే పూడ్చారు. తుపాను తగ్గేదాకా ఆవిడింట్లో ఉన్నవాడు మళ్ళీ నీ గడప తొక్కితే కదా! ఇవాళ ఇవన్నీ ఎందుకు తవ్వుతావు?"

"నన్ను చూడటానికి ఎప్పుడైనా వచ్చాడా?" అన్నది మార్లీన్.

"అదేంటమ్మా, నీకు తెలీనట్టు అడుగుతావు." ఫ్లోరెన్స్ చేతిలోని గుడ్డను మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. "రాలేదు తల్లీ."

ఊరందరికీ తెలిసిన పాత సంగతి ఆ ఇద్దరికీ అప్పుడే జరిగింది. గాలి వీస్తున్నది. డొలోరెస్ కొవ్వొత్తిని కోటు లోపలికి తీసుకుని, దాన్ని పెట్టవలసిన చోటు కోసం చుట్టూ చూసింది. అలాంటి చోటు ఏదీ లేదు. ఆమె ఇప్పుడు ఎవరి విధవా కాదు.

"ముసలివాడయ్యాడా?" అని అడిగింది.

"ఎవరు?"

"క్లెమెంట్. పోయేటప్పటికి ముసలివాడయ్యాడా?"

"అవక ఏం చేస్తాడు? మా తమ్ముడి కూతురి పెళ్ళిలో చూశాను, అదే ఆఖరు. నెత్తి మీద వెంట్రుక లేదు. చెమటలు కక్కుతూ, రుమాలుతో మెడ తుడుచుకుంటూ, హాల్లో ఎంత ఉక్కపోస్తోందో అని సణుగుతూనే ఉన్నాడు. పొట్ట అయితే, ఇంత!"

ఫ్లోరెన్స్ తన కడుపు ముందు రెండు చేతులూ చాపి చూపించింది. డొలోరెస్ చాలాసేపు ఆ చేతుల మధ్య ఉన్న ఖాళీని చూసింది.

"పొట్ట ఇంకొంచెం పెద్దదే అయ్యుండొచ్చు, కాదూ?" అన్నది చివరికి.

ఫ్లోరెన్స్‌కు ఏమీ అర్థం కాలేదు. అయినా చేతులు మరికాస్త ఎడంగా జరిపింది.