మిగిలిన మాత్రలు

గఫార్‌కు ఏదీ పారేయడం చేతకాదు. ఆత్మకూరు నుంచి అనంతసాగరానికి షేర్ ఆటో తోలే మనిషి. ఇంట్లో మిగిలిన బిర్యానీ అయినా, సగం తాగి వదిలేసిన దగ్గు మందయినా ఆటో ఎక్కినవాళ్ళ చేతిలో పెట్టేస్తాడు. ఆ దారిలో అందరూ అతన్ని ధర్మాత్ముడంటారు. ఆ మాట వినడం అతనికీ మహా ఇష్టం.

ఈసారి మిగిలినవి మలేరియా మాత్రలు. రెండు వారాలు మింగమంటే, చలిజ్వరం తగ్గీ తగ్గగానే మానేశాడు పెద్దమనిషి. ఆటోలో ఎన్నాళ్ళనుంచో పడున్న ఆ మాత్రలను నిన్న సాయంత్రం జ్వరంతో వణుకుతూ ఎక్కిన అశ్వితకు ఇచ్చాడు. "నాకు గుణమిచ్చినాయి పాపా, వేసుకో" అన్నాడు. ఆ పిల్లకు ఐదో నెల.

ఈ పొద్దున అతనికే మళ్ళీ వణుకు పుట్టింది. ఆస్పత్రిలో నర్సు రాహేలమ్మ వేలు పొడిచి, రక్తం చూసి, పాత మలేరియానే తిరగబెట్టిందని చెప్పింది.

"మాత్రలన్నీ మింగకపోతే ఆ క్రిమి లివర్లో దాక్కోనుంటాది. నిన్ను కుట్టిన దోమ ఇంకొకర్ని కుడితే వాళ్ళకూ అంటిస్తాది. మిగతా మాత్రలేవి?"

గఫార్ చెప్పాడు. రాహేలమ్మ చేతిలో పని ఆపేసింది.

"కడుపుతో ఉండేవాళ్ళకు అవి ఇయ్యకూడదు గఫార్. లోపలుండే బిడ్డకు ప్రమాదం. పోయి ఆ పిల్లను తీసుకరా. ఆమెదీ మలేరియా అయితే వేరే మందు ఉండాది."

అశ్విత ఫోన్ నంబరు అతని దగ్గర లేదు, ఇల్లు మాత్రం తెలుసు. వెంటనే ఆటో స్టార్ట్ చేశాడు. చెయ్యెత్తిన గిరాకీనల్లా వదిలేసి పోయాడు. మింగేసి ఉంటుందా? మరిచిపోయి ఉంటుందా? తెలిస్తే ఊళ్ళో నన్నేమంటారో అనుకున్నాడు. ఇప్పుడు కూడా ఆ ఆలోచనే వచ్చినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

అశ్విత వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అరచేతిలో మాత్ర. పక్కన ఆమె అత్త వెంకమ్మ నీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది. గఫార్ ఒక్క అంగలో పోయి ఆ మాత్ర లాక్కున్నాడు.

"ఏందిరా, పిచ్చి పట్టిందా నీకు?" అంది వెంకమ్మ.

"రాత్రి వేసుకోలేదా అవ్వా?"

"నేనే వద్దన్నా. తెలీని మందు కోడలికెట్టా ఇస్తా? ముందు నేనే రాత్రి ఒకటి మింగినా. తెల్లారేదాకా చూసినా, నాకేం కాలా. అందుకే ఇప్పుడు దానికిస్తా ఉండా."

గఫార్ అక్కడే కూలబడ్డాడు. ఏడుపు తన్నుకొచ్చింది. రాహేలమ్మ చెప్పిందంతా ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

"నాకేం కాలేదు గదరా," అంది వెంకమ్మ మళ్ళీ, ఈసారి గొంతు తగ్గించి.

"నీ కడుపులో బిడ్డ లేదు గదవ్వా."

వెంకమ్మ గ్లాసు కింద పెట్టి, కోడల్ని లేపి ఆటో ఎక్కించింది.