బస్తాగారి స్నానాలు

మామగారి మీద కోడలికి ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఆయన ఫిర్యాదు చేసే అవకాశమే ఇవ్వరు. కూరలో ఉప్పు ఎక్కువైతే రెండు గ్లాసుల నీళ్లు తాగి ఊరుకుంటారు. టీవీ రిమోటు అడగరు. అలాంటి మనిషి పదహారేళ్లుగా ఇంట్లో ఉంటే, పక్కింటావిడ తన మామగారి గురించి గంటసేపు చెప్పుకుంటున్నప్పుడు ఈవిడ నోరు మూసుకుని వినాల్సిందే కదా.

ఆ లోటు తీర్చడానికేనన్నట్టు, నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసి దుకాణం మూసేసిన ఆ పెద్దాయన ఒకరోజు లాబ్రడార్ కుక్కను వెంటబెట్టుకొచ్చారు. ఊరు వదిలి వెళ్తున్న పాత ఖాతాదారు ఎవరో ఇచ్చారట. మూడేళ్లవాడు, ముప్పై కిలోలు. గుమ్మానికి అడ్డంగా పడుకుంటే సిమెంటు బస్తా దించినట్టే ఉండేది కాబట్టి పేరు బస్తా అయింది. అందరూ వాడికి చుట్టాలే. దొంగ వచ్చినా తోకాడించి వంటింటికి దారి చూపించే రకం.

వాడి గుణగణాల మీద కోడలికి పేచీ లేదు. పేచీ అంతా వెంట్రుకల మీదే. సోఫా మీద, ఇస్త్రీ బట్టల మీద, కాఫీ కప్పులో, ఒకసారి ఫ్రిజ్‌లో మూతపెట్టిన గిన్నెలో కూడా. ఆ మూతలోంచి ఎలా దూరిందో ఇప్పటికీ తేలలేదు. పైగా కుక్కవాసన.

మామగారు రోజూ సాయంత్రం బాల్కనీలో వాణ్ణి కూర్చోబెట్టుకుని, గడియారంలో దుమ్ము దులిపినంత ఓపికగా బ్రష్‌తో దువ్వేవారు. దువ్వినప్పుడల్లా పిల్లికూనంత వెంట్రుకల ఉండ వచ్చేది. కోడలు ఆ ఉండను చూసి ఒక నిర్ణయానికొచ్చింది: దువ్వుతున్నారు కాబట్టే రాలుతోంది. బ్రష్ అటకెక్కింది. వాసన సంగతి స్నానం చూసుకుంటుందని, రెండు రోజులకోసారి తన షాంపూతోనే తోమడం మొదలుపెట్టింది. బస్తాకి నీళ్లంటే ప్రాణం. బకెట్ చప్పుడైతే చాలు, ముందే వెళ్లి బాత్రూంలో కూర్చునేవాడు. అంత సంతోషంగా ఉన్నాడంటే మంచి జరుగుతున్నట్టే అనుకుంది.

"ఇన్ని స్నానాలు అవసరమా అమ్మా?" అన్నారు మామగారు ఒకసారి, తలుపు చాటు నుంచి.

తను డిగ్రీలో కెమిస్ట్రీ చదివానని గుర్తుచేసింది కోడలు. ఆయన మళ్లీ అడగలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. నెలాఖరులోగా ఈ వాసనా, ఈ వెంట్రుకలూ తగ్గకపోతే బస్తాని ఆడపడుచు ఇంటికి పంపేద్దామని, వాళ్లకి పెద్ద పెరడు ఉందని భోజనాల దగ్గర ప్రకటించింది. మామగారు సరేనన్నారు. ఆయన దేనికైనా సరేననే అంటారు. కానీ ఆ సాయంత్రం బస్తాతో నడకకి వెళ్లి గంట ఆలస్యంగా వచ్చారు. దుకాణం మూసేశాక రెండేళ్లపాటు కుర్చీ దిగని మనిషి. బస్తా పుణ్యాన ఇప్పుడు మందుల షాపాయన, టైలరు, బడి కాపలాదారు, అందరూ ఆయన్ని పలకరిస్తున్నారు. కోడలు అదంతా కిటికీలోంచి చూసింది. చూసి, మర్నాడు వాడికి ఇంకోసారి స్నానం చేయించింది. ఎలాగైనా వాసన వదిలిస్తే వాణ్ణి పంపే అవసరం రాదని.

నెల తిరిగేసరికి వెంట్రుకలు రెట్టింపయ్యాయి. వాసన అంతకు మించింది. బస్తా రోజంతా గోక్కుంటూ, తల విదిలిస్తూ తిరుగుతున్నాడు. ముగ్గురూ పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు.

ఆవిడ బస్తా చెవి ఎత్తి చూసి మొహం చిట్లించింది. వాసన వస్తున్నది ఒంట్లోంచి కాదు, చెవుల్లోంచి. ఈ జాతికి చెవులు మూతల్లా వేలాడతాయి, నీళ్లు లోపల నిలిస్తే చీము పడుతుంది, స్నానం అయ్యాక తుడిచి ఆరబెట్టాలి. వెంట్రుకలు రెండు పొరలు, వాటికి ఒక సహజమైన జిడ్డు ఉంటుంది. ఊరికే షాంపూ రుద్దితే ఆ జిడ్డు పోయి, చర్మం ఎండిపోయి, ఇంకా రాలతాయి.

సబ్బు జిడ్డును వదిలిస్తుంది. కెమిస్ట్రీలో అంతకంటే చిన్న పాఠం లేదు. కోడలు గోడ మీది టీకాల పట్టిక వైపు చూపు తిప్పుకుంది.

"ఎవరండీ ఇన్ని స్నానాలు చేయిస్తున్నది?"

"నేనేనమ్మా," అన్నారు మామగారు. "పెద్దవాణ్ణి, తెలియలేదు."

"రోజూ దువ్వుతున్నారా?"

"లేదమ్మా. బద్ధకం."

నలభై ఏళ్లలో ఒక్క గడియారంలో నలుసు మిగల్చని మనిషి బద్ధకమంటున్నారు. డాక్టరమ్మ నమ్మేసి, నోరులేని జీవం అంటూ మొదలుపెట్టి గట్టిగా చివాట్లు పెడుతోంది. ఆయన తలవంచుకుని వింటున్నారు. ఒక చెయ్యి మాత్రం బస్తా మెడపట్టీని వదల్లేదు. ఇవాళే నెలాఖరు.

ఊరుకుంటే సరిపోయేది. పక్కింటావిడకి చెప్పుకోవడానికి పదహారేళ్లకి మొదటిసారి ఒక ఫిర్యాదు దొరికేది కూడా. కోడలు చేతిసంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. గొంతు సవరించుకుంది.

"డాక్టరుగారూ, ఆయన్ని అనకండి. స్నానాలు చేయించింది నేను." బస్తా కోడలి గొంతు విని తోకాడించాడు. స్నానానికే పిలుస్తోందనుకున్నాడు కాబోలు. "బ్రష్ అటక మీద పాత సూట్‌కేసు వెనకాల ఉంది మామయ్యగారూ, ఇంటికెళ్లగానే దించిస్తాను. వీడు ఎక్కడికీ వెళ్లడు. తప్పు నాదే."