మూడో నంబర్ మిషన్ ఆగలే

జుమ్మా నమాజు ముగించుకుని వాహెద్ మిల్లు గేటు దగ్గరికి వచ్చేసరికి లోపల చప్పుడు లేదు. ఆదిలాబాద్‌లో పత్తి సీజన్ నడుమ, గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లు నోరు మూసిందంటే ఎవరికో ఏదో అయినట్టే. బండి స్టాండు కూడా వేయలేదు. గోడకు ఆనించి ఉరికాడు.

మూడో నంబర్ మిషన్ కింద పత్తి ఎర్రబడి ముద్దలు కట్టింది. దాని మీద పనిచేసే సత్తమ్మను అప్పటికే ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయారు. కుడిచెయ్యి మోచేతి దాకా రోలర్ల మధ్య నలిగింది. పక్క మిషన్ మీద పనిచేసే శంకరవ్వ నేల మీద కూలబడి ఉంది.

"ఎర్ర గుండీ గుద్దింది వాహెదూ. ఎడమ చేత్తోని రెండుసార్లు గుద్దింది, నా కండ్లతోని చూసిన. ఆగలే. నేనురికి మోటార్ల మెయిన్ దించేదాక గా రోలరు తిరుగుతనే ఉన్నది."

ఎందుకు ఆగలేదో ఆ మిల్లులో తెలిసినవాడు వాహెద్ ఒక్కడే.

ఒకప్పుడు ఆ గుండీ నొక్కితే కరెంటు నేరుగా తెగిపోయేది. మిల్లు యజమాని చొక్కారావు రెండేళ్ల కింద దాన్ని కంప్యూటరుకు కలిపించాడు. ఎవరెవరు ఎన్నిసార్లు ఆపుతున్నారో తెలియాలట! చెమట తుడుచుకోవడానికి ఆపిన ఆడమనిషిని దొరకబట్టాలట! అప్పటి నుంచి గుండీ మాట ముందు ఆఫీసు గదిలోని లైనక్స్ కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాం వినాలి, ఆ తర్వాతే మోటారు ఆగాలి. ఆ తీగలు కలిపిన చెయ్యి వాహెద్‌దే. కాలేజీ గడప తొక్కనివాడు. పాత కంప్యూటర్ల దుకాణంలో విప్పుతూ, బిగిస్తూ, తిట్లు తింటూ నేర్చుకున్నాడు.

వారం నుంచి ఎవరూ నొక్కకుండానే మిషన్లు ఆగుతున్నాయి. తప్పు ఎక్కడుందో పట్టాలంటే డీబగ్గర్ తగిలించాలి. నడిచే ప్రోగ్రాం మెడ పట్టుకుని, మనం చెప్పిన చోట నిలబెట్టి, దాని కడుపులో ఏముందో చూపించే పనిముట్టు అది. "ఒక్క గంట మిషన్లు బంద్ పెట్టండి సార్" అని వాహెద్ పొద్దున్నే అడిగాడు.

"సీజన్ల మిషన్లు ఆపుతరార? నడుస్తుండంగనే చూడు" అన్నాడు చొక్కారావు.

నడుస్తుండగానే చూశాడు. ప్రోగ్రాంలో మోటారును ఆపే భాగం మొదట్లో బ్రేక్‌పాయింట్ అనే నిలుపుగుర్తు పెట్టాడు. గుండీ కబురు అందిన క్షణాన ప్రోగ్రాం అక్కడే నిలబడిపోతుంది. కీబోర్డు ముందున్న మనిషి 'కంటిన్యూ' కొట్టేదాకా కదలదు, మోటారునూ ఆపదు. పొద్దటి నుంచి కుర్చీ వదలకుండా, ప్రోగ్రాం ఆగినప్పుడల్లా చూసుకుని వెంటనే 'కంటిన్యూ' కొడుతూనే ఉన్నాడు. అజాన్ వినపడింది. ఇంతలో ఏమైతది అనుకుని లేచిపోయాడు. 'ఆగిన చోటు రాసిపెట్టి నీ అంతట నువ్వే సాగిపో' అని డీబగ్గర్‌కు మూడు వరుసలు చెప్పిపోతే సరిపోయేది. చెప్పలేదు. బద్ధకం. దానికి ఇంకో పేరు లేదు.

ఆఫీసు గదిలో నల్ల స్క్రీను అలాగే ఉంది. బ్రేక్‌పాయింట్ ఒకటి తగిలిందని ఒక వరుస, కింద ఆడుతున్న కర్సర్. లోపలేముందో చూపించమని 'ప్రింట్' కొట్టాడు. గుండీ నంబరు: మూడు. సమయం: ఒకటీ పదిహేడు.

వెనక నుంచి చొక్కారావు గొంతు వినపడింది. "ముందుగాల గా స్క్రీను బంజెయ్. నాలుగింటికి మిల్లు నడవాలె. లేబర్ ఆఫీసరు పొద్దుమీకి ఆస్పత్రికొస్తుండు. సత్తమ్మ గుండీ నొక్కలే, ముచ్చట్లు చెప్పుకుంట చెయ్యి పెట్టింది. గంతే."

"నొక్కింది సార్. ఇగో, మూడో నంబరు. టైం గూడ ఉన్నది."

"నొక్కితే ఎందుకాగలే?"

"నేను నిలబెట్టి పోయిన."

చొక్కారావు స్క్రీను వైపు చూసి, వాహెద్ వైపు చూసి, నవ్వాడు. "అయితే నీ మంచికే చెప్తున్న విను. గా రాత తుడిచేస్తే తప్పు సత్తమ్మది. ఉంచితే నీది. నీ పేరు మీద కేసయిందనుకో, జమానతు పడేటోడు గూడ దొరకడు. నీ బిడ్డ లైబాను ఎవడు చూస్తడు? జర సోంచాయించు." గల్లా సర్దుకుంటూ బయటికి పోయాడు.

వాహెద్ ఒక్క అక్షరం కొట్టాడు, 'క్యూ'. బయటికి పోవడానికి అదొక్కటి చాలు. డీబగ్గర్ మాత్రం వెంటనే వదల్లేదు: పట్టుకున్న ప్రోగ్రాంను వదిలేయాల్సి వస్తుంది, అయినా పోతావా, అవునా కాదా? అని అడిగింది. ఆ మధ్యాహ్నం అంత పెద్ద మిల్లులో ఆ మాత్రం ప్రశ్న అడిగింది అదొక్కటే.

'కాదు' కొట్టాడు.

ప్రోగ్రాం ఏ భంగిమలో నిలబడిందో ఆ భంగిమలోనే కోర్ ఫైలుగా దించి, పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాడు. స్క్రీనును ఫోన్లో ఫొటో తీశాడు. అప్పుడు మూశాడు.

సాయంత్రం ఆస్పత్రికి పోయేసరికి సత్తమ్మ కుడిచెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. తెల్లటి కట్టు. అతన్ని చూడగానే లేవబోయింది.

"బిడ్డా, నేను గుండీ నొక్కలేదంటున్నరు. దొర మనుషులొచ్చి చెప్పిపోయిండ్రు. దెబ్బకు మతి తప్పిందంట. నాకైతే నొక్కినట్టే యాదికున్నది. నువ్వు చెప్పు, నొక్కిన్నా?"

"నొక్కినవ్ అవ్వ. రెండుసార్లు. మొదటి దెబ్బకే కబురందింది. నేనే ప్రోగ్రాంను నిలబెట్టి నమాజుకు పోయిన. నేనొచ్చి మీట కొట్టేదాక అది కదలదు. కంప్యూటర్ల రాతుంది. ఆఫీసరుకు గిదే చెప్త. గుండీని కంప్యూటరుకు కలపమన్నదెవరో గూడ చెప్త."

సత్తమ్మ అతని ముఖం చూసింది.

"నువ్వొచ్చి కొట్టేదాక ఆగిందా గా కంప్యూటరు?"

"ఆగింది."

"నా చెయ్యి ఆగలేకపాయె బిడ్డా." గోడ వైపు తిరిగింది. అటే చూస్తూ అంది: "పో. గా ఆఫీసరు సంతకాలు పెట్టించుకొని పోకముందుకే చెప్పు."

వరండాలో లేబర్ ఆఫీసరు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. పక్కన చొక్కారావు టీ తాగుతున్నాడు. వాహెద్ పెన్‌డ్రైవ్‌ను ఆ కాగితాల మీద పెట్టాడు.

"సత్తమ్మ గుండీ నొక్కింది సార్. సాక్ష్యం గిండ్ల ఉన్నది. తప్పు చేసినోళ్ల పేర్లు చెప్త, రాసుకోండి. మొదలు నాది."

ఆఫీసరు పెన్ను తీయలేదు. చొక్కారావు ముఖం చూశాడు.

"వాహెద్," అన్నాడు వాహెద్, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "రాయండి. మీరు రాసేదాక నేను లేవ."