కాయ పట్టిన చెయ్యి

అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేలో తిరుగుతూ, అది లేచి నిలబడ్డ చోట నీళ్ళున్నాయని చెప్పేవారు మా ఆయన వెంకటరామారావు. అశ్వారావుపేట చుట్టుపక్కల పామాయిల్ తోటల్లో సగం బోర్లకి ఆయనే కాయ పట్టారు. "లేచేది కాయ కాదు, మీ చెయ్యి వణుకుతోంది" అని నేను ఎకసెక్కాలాడేదాన్ని. మా పెరట్లో ఆయన చూపిన చోటే నీళ్ళు పడ్డప్పుడు కూడా ఏదో అదృష్టం అన్నానే తప్ప మెచ్చుకోలేదు.

ఇప్పుడాయనకి గొంతు క్యాన్సర్. చేసేదేమీ లేదు, అడిగింది పెట్టండని ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశారు. ఆయన అడిగింది ఒక్కటే, మా బోరు నీళ్ళు. సరిగ్గా అప్పుడే మోటార్ కాలిపోయింది! దేవుడికి వేళాపాళా లేదు.

మినరల్ వాటర్ ఇస్తే ప్లాస్టిక్ వాసనన్నారు. పక్కింటి బొజ్జయ్య బోరు నీళ్ళు తెచ్చి మనవేనని అబద్ధమాడాను. చెంచాతో నోట్లో పోయగానే నవ్వారు.

"బొజ్జయ్యవి. దానికీ కాయ పట్టింది నేనేనే."

మెకానిక్ రవీందర్ మనుషుల్ని తెచ్చి, పైపులన్నీ పైకి లాగించి మోటార్ తీసుకెళ్ళాడు. వైండింగ్ షాపులో ఆలస్యమైంది. ఫోన్ మీద ఫోన్ చేసి వాడి ప్రాణం తోడేశాను.

"జల్దీ తెస్త గదమ్మా. మా ఇంటి బోరుకు గూడ పెద్దాయనే కాయ పట్టిండు. నాకు తెల్వదా?"

తెచ్చాడు. దింపారు. ఆయన పట్టుబట్టి మంచం వసారాలోకి వేయించుకున్నారు. స్టార్టర్ నొక్కగానే పైపు దగ్గి, ఎర్రనీళ్ళు కక్కి, కాసేపటికి తేరుకుంది. నేను చెంబు నింపుకుని పరుగెత్తాను.

ఆయన తల అడ్డంగా ఊపారు.

"ముందు పైపులు లాగినోళ్ళకి."

అదొక నియమం ఆయనకి. ఎవరి పెరట్లో నీళ్ళు పడ్డా కష్టపడ్డవాళ్ళు, ఇంటివాళ్ళు తాగాకే కాయ పట్టినవాడు ముట్టుకోవాలి. లేకపోతే ఆ నీళ్ళు నిలవవట.

"ఇవాళ కూడానా! చాదస్తానికీ హద్దుండాలండీ. ఒక్క గుక్క తాగండి."

"పోయి ఇవ్వవే. రేపు బోరు ఎండిపోతే కష్టం నీకే."

ఒళ్ళు మండింది. అయినా వెళ్ళి మనుషులందరికీ దోసిట్లో పోశాను.

"పెద్దాయన తాగిండా అమ్మా?" అన్నాడు రవీందర్.

"ఆయన ఆఖర్నట. నువ్వు తొందరగా తాగు" అని కసిరాను.

ఇంటివాళ్ళంటే ఇక నేనొక్కదాన్నే. నా సంగతి తర్వాత చూడొచ్చులే అని మళ్ళీ చెంబు నింపుకుని మంచం దగ్గరికొచ్చాను.

"అందరూ తాగారు. ఇక నోరు తెరవండి."

ఆయన పైపు వైపే చూస్తున్నారు. రెప్ప పడటం లేదు. పెదాల మధ్య పోసిన నీళ్ళు చెంప మీదుగా జారి దిండు తడిసింది.

రవీందర్ మోటార్ కట్టెయ్యబోతే వద్దన్నాను. ఆయన స్నానానికి ఆ నీళ్ళే కావాలి. పైపులు లాగినవాళ్ళే ఏడుస్తూ బిందెలు నింపారు.

చెంబు అడుగున కాసిని మిగిలాయి. నేనింకా తాగలేదని అప్పుడు గుర్తొచ్చింది. తాగాను. రోజూ తాగే నీళ్ళే, ఎంత తియ్యగా ఉన్నాయో! ఆ మాట ఆయనతో ఒక్కసారైనా అన్నానా?

ఆయన చెవి దగ్గరికి వంగాను.

"మీ చెయ్యి వణకలేదండీ. కాయే లేచింది."