మెడలో తాళంచెవి

కుట్టుమిల్లుల వీధిలో పొద్దున్నే మొదట వినిపించేది తాళాల చప్పుడు. ఒకే రేకుల కప్పు కింద వరసగా కట్టిన అద్దెగదుల్లోంచి ఆడవాళ్ళు బయటికొచ్చి, తలుపులు లాగి, తాళాలు వేసి, తలకు గుడ్డలు చుట్టుకుంటూ సందు చివరికి పరుగెడతారు. అక్కడ ట్రక్కులు ఆగి ఉంటాయి. ట్రక్కులో కూర్చునే చోటుండదు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడి పోతారు. కంబోడియా రాజధాని నోమ్‌పెన్ శివార్లలో ఇది రోజూ జరిగేదే కాబట్టి ఎవరూ తల తిప్పి చూడరు. ఆ తాళాల వెనక కొన్ని గదుల్లో పిల్లలు ఇంకా నిద్రపోతూ ఉంటారన్న సంగతి కూడా అందరికీ తెలుసు. తెలిసిన సంగతే కాబట్టి దాన్ని గురించి మాట్లాడేవాళ్ళూ లేరు.

థావీ ఆ ఆడవాళ్ళలో ఒకతె. మిల్లులో చొక్కాలకు కాలర్లు కుడుతుంది. భర్త రిత్ దూరపు జిల్లాలో వంతెన పనిలో ఉన్నాడు. కూతురు మాలియా ఆరేళ్ళ దాకా ప్రేవెంగ్ జిల్లా పల్లెలో అమ్మమ్మ దగ్గరే పెరిగింది. ఈ వీధి తల్లుల పిల్లలు చాలామంది అలాగే పెరుగుతారు. వాళ్ళకు అమ్మంటే కొత్త సంవత్సరానికీ, పితృదేవతల పండక్కీ సంచీ నిండా బట్టలతో వచ్చిపోయే చుట్టం. ఒకసారి పండక్కి వెళ్ళినప్పుడు మాలియా తల్లిని చూసి, "పిన్నీ, మళ్ళీ ఎప్పుడొస్తావు?" అని అడిగింది. పక్కనున్నవాళ్ళు నవ్వారు. థావీ కూడా నవ్వింది. కానీ ఆ ఏడాదే పిల్లను తనతో తెచ్చుకుని పట్నం బడిలో చేర్చింది.

రిత్‌కు అది ఇష్టం లేదు. ఫోనులో ఒక మాట చెప్పి ఊరుకున్నాడు: "సరే, చూడు. ఒక్కసారి ఏదైనా తేడా వచ్చిందా, పిల్లను మీ అమ్మ దగ్గర దింపెయ్యి. మళ్ళీ దాని మీద మాట్లాడుకోవడం లేదు." థావీ ఒప్పుకుంది. ఆ ఒప్పందాన్ని పక్క చాప మీద పడుకున్న మాలియా కూడా వింది.

పిల్లను బడిలో చేర్చడమంటే పేరు రాయించడమేనని థావీ అనుకుంది. అంతటితో అయిపోలేదు. తెల్ల చొక్కా, నీలం లంగా ఒక్క జతే కాబట్టి రోజూ ఉతికి, దీపం బల్బు పక్కన ఆరేయాలి. సోమవారం గోళ్ళు చూస్తారు. పలక తుడిచే గుడ్డ విడిగా ఉండాలి. ఊడ్చే వంతు వచ్చిన రోజు చీపురు పంపాలి. డబ్బాలో మొక్క పెంచి తెమ్మన్నారు. గదిలోకి ఎండే రాదు, మొక్క వాడిపోయింది. అక్షరాలు దిద్దించామని ఇంట్లోవాళ్ళు సంతకం పెట్టాలి. అన్నిటికంటే పెద్దది, పెద్దల సమావేశానికి రావాలి. అది ఎప్పుడూ పనిరోజు పొద్దుటి పూటే. ఇందులో ఏ ఒక్కటి చూసినా చిన్న పనే. అన్నీ కలిపి చూస్తే మాత్రం ఒక సంగతి తెలుస్తుంది. ప్రతి పిల్ల వెనకా పగలంతా ఇంట్లో ఖాళీగా కూర్చున్న మనిషి ఒకరుంటారని బడి నమ్ముతుంది. ఆ మనిషి ఈ వీధిలో ఏ గదిలోనూ లేదు.

బడి గేటు తీసే వేళకు థావీ మిల్లులో ఉండాలి. అందుకని ట్రక్కు ఎక్కబోయే ముందు పిల్లను గేటు పక్కన నెమవ్వ బండి దగ్గర దింపేది. నెమవ్వ ఆ గేటు దగ్గర ఎన్నో ఏళ్ళుగా గంజన్నం అమ్ముతోంది. "కూర్చో తల్లీ, గేటు తీసేదాకా నా ఈగల్ని తోలు" అనేది మాలియాతో. గేటు తీయగానే పిల్ల లోపలికి పోయేది. పొద్దుటి పూట బడి వదిలాక పిల్లల గుంపుతో పాటు సందులోకి నడిచొచ్చి, మెడలో తాడుకు కట్టిన తాళంచెవితో గది తీసుకుని, గిన్నెలో అన్నం తిని, సాయంత్రం తల్లి వచ్చేదాకా లోపల గడియ పెట్టుకుని ఉండేది.

మొదటి సమావేశానికి థావీ వెళ్ళలేకపోయింది. రెండోదానికి సెలవు అడిగితే లైను మేస్త్రీ, "నీ పిల్ల ఒకటో తరగతా, మంత్రి పరీక్షా?" అన్నాడు. ఆ సాయంత్రం అలసటలో ఆమె నోటి నుంచి ఒక మాట జారింది. బట్టలు ఉతుకుతూ, పిల్లను చూడకుండానే అంది: "మీ టీచరమ్మ నన్ను పిలుస్తూనే ఉంది, నేను పోలేకపోతూనే ఉన్నాను. ఇలాగైతే నిన్నెవరు ఉంచుకుంటారు ఆ బళ్ళో?"

ఆ బడిలో చోటు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఒకే గదిలో పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు చదువుతారు. నెల మారితే పూట మారుతుంది. పట్నంలో ఉన్నవాళ్ళకు ఇది ఊపిరి పీల్చినంత మామూలు. పల్లెలో పూట మారని బడికి వెళ్ళిన థావీకి అది తెలియదు. పూట మారుతుందని సమావేశంలో చెప్పారు, థావీ అక్కడ లేదు. తరగతిలో పిల్లలకూ చెప్పారు. ఆ రోజు మాలియా లేదు. పడవల పండక్కి ఊరెళ్ళిన తల్లీకూతుళ్ళకు తిరుగు వ్యానులో చోటు దొరకక ఒక రోజు ఆలస్యమైంది.

పిల్ల బడిలో చేరాక మొదటిసారి నెల మారిన రోజున థావీ ఎప్పటిలాగే పిల్లను నెమవ్వ దగ్గర దింపి ట్రక్కెక్కింది. గేటు తీశారు. మాలియా తన గదికి వెళ్ళింది. తన బల్ల మీద వేరే అమ్మాయి కూర్చుని ఉంది. ముందు నిలబడిన టీచరు కూడా వేరే. "నీది ఈ జట్టు కాదు. ఇంటికెళ్ళి మీ అమ్మను అడుగు" అందామె, పాఠం మధ్యలో. మాలియా గేటు బయటికొచ్చి నెమవ్వ బండి వెనక కూర్చుంది. పొద్దుటి పూట బడి వదిలాక గుంపుతో నడిచి గదికి వెళ్ళింది. తల్లిని ఏమీ అడగలేదు. మర్నాడూ అలాగే వచ్చింది. ఆ తర్వాత రోజూ అంతే.

మిల్లుకు గుడ్డ అందక ఒకరోజు లైను ఆగింది. పనివాళ్ళను మధ్యాహ్నం కాకముందే పంపేశారు. థావీ గంజన్నం తాగి ఇంటికి పోదామని బడి దగ్గర దిగింది. నెమవ్వ బండి వెనక, పీట మీద తెల్ల చొక్కా వేసుకున్న పిల్ల చెంచాలు తుడుస్తోంది. ఎవరో పిల్ల అనుకుంది మొదట. తర్వాత మెడలో తాడు కనిపించింది.

"ఇవాళ తొందరగా వదిలారా మిమ్మల్ని?" అంది నెమవ్వ తాపీగా. "కూర్చో. నీ కూతురు పనిమంతురాలే. నీకంటే బాగా తుడుస్తుంది."

"ఇది బళ్ళో కదా ఉండాలి."

"దీని బడి మధ్యాహ్నం కదమ్మా ఈ నెల. అందుకే కదా పొద్దున నా దగ్గర దింపిపోతున్నావు."

నెమవ్వ థావీ ముఖం చూసి గరిటె కింద పెట్టింది. పిల్ల ఇంటికెళ్ళి అన్నం తిని మళ్ళీ మధ్యాహ్నం బడికి వస్తోందనే తాను అనుకున్నానని, ఆ వేళకు తాను బండి కట్టేసి వెళ్ళిపోతానని నెమ్మదిగా చెప్పింది.

థావీ పిల్ల ముందు కూర్చుంది. "రోజూ ఇక్కడే ఉన్నావా?"

మాలియా తలూపింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నా చోట్లో వేరే పిల్లను కూర్చోబెట్టారు. నువ్వు మీటింగుకు రాలేదని నన్ను తీసేశారు కదా. చెప్తే అమ్మమ్మ దగ్గరికి పంపేస్తావు."

నెమవ్వ అటు తిరిగి పొయ్యిలో పుల్లలు సర్దింది. అవి సర్దాల్సిన పుల్లలేమీ కావు.

ఆ మధ్యాహ్నం థావీ పిల్లకు ముఖం కడిగి, జడ మళ్ళీ వేసి, తరగతి గుమ్మం దాకా తీసుకెళ్ళింది. ఒకటో తరగతి టీచరు వన్నారీ పిల్లను చూడగానే అంది: "వచ్చావా? కోతలు అయిపోయాయా?" ఆ మాటలో ఎగతాళి కొంచెం, విసుగు కొంచెం ఉన్నాయి. కోతల కాలంలో మిల్లువీధి పిల్లలు చెప్పకుండా ఊళ్ళకు పోవడం ప్రతి ఏడూ ఉన్నదే. మాలియా కూడా అలాగే పోయిందని ఆమె అనుకుంది.

జరిగింది థావీ చెప్పింది. "సమావేశానికి వచ్చి ఉంటే ఇంత జరిగేదా?" అంది వన్నారీ.

"మీరు పిలిచిన ప్రతిసారీ నేను మిల్లులో ఉన్నాను టీచరమ్మా. గేటు దాటాలంటే మేస్త్రీ చీటీ రాయాలి. ఆదివారం పిలిస్తే పాక్కుంటూ అయినా వస్తాను."

"ఆదివారం నాకు మాత్రం ఇల్లు లేదా? ఈ నెల పొద్దున ఇంకో బడిలో చెబుతాను, మధ్యాహ్నం ఇక్కడ. నీకే కష్టం ఉందనుకుంటున్నావా? ఇలా రా."

ఆమె థావీని గది వెనక్కి తీసుకెళ్ళింది. పుస్తకాల బీరువా చాటున, గచ్చు మీద పరిచిన చాప మీద మూడేళ్ళ పిల్లవాడు నిద్రపోతున్నాడు. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు.

"మా వాడు. ఇంట్లో ఉంచి తాళం వేయలేక ఇక్కడ పడుకోబెడతాను. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు వీడు దగ్గకుండా ఉండాలని దణ్ణం పెట్టుకుంటాను."

ఇద్దరు తల్లులూ ఆ పిల్లవాణ్ణి చూస్తూ నిలబడ్డారు. వెనక పిల్లలు గోల మొదలుపెట్టారు. వన్నారీ వెళ్ళి, మాలియాను పాత బల్ల మీదే కూర్చోబెట్టింది. "ఆదివారమే పెడదాం, మీ గదుల దగ్గరే" అంది థావీతో.

ఆ ఆదివారం సమావేశం జరిగింది. బడిలో కాదు, అద్దెగదుల వరస ముందు. వన్నారీ కొడుకును చంకనేసుకుని వచ్చింది. హెడ్‌మాస్టరు రావడానికి మొదట ఒప్పుకోలేదని, నెమవ్వే వెళ్ళి తీసుకొచ్చిందని అందరూ అన్నారు. ఆ పెద్దమనిషి చిన్నప్పుడు ఆమె బండి దగ్గరే అప్పు పెట్టి గంజన్నం తాగేవాడట, అది గుర్తుచేసిందట. నిజమో కాదో గాని, ఆయన వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు.

థావీ చెప్పాక తల్లులు ఒక్కొక్కరే చెప్పారు. ఒకామె కొడుకు పూట మారిన నెలంతా గదిలోనే ఉండిపోయాడు. ఇంకొకామె కూతుర్ని కిందటేడే ఊరికి పంపేసింది. పక్కపక్క గదుల్లో ఉండి కూడా ఈ సంగతులు ఒకరివి ఒకరికి తెలియవు. బిడ్డను చూసుకోలేకపోవడం తన చేతగానితనమని ప్రతి తల్లీ అనుకుంది. అందుకే తలుపుతో పాటు ఆ మాటకూ తాళం వేసింది.

పెద్ద పెద్ద ఏర్పాట్లేమీ జరగలేదని చదువరులకు చెప్పాలి. ఇక మీద సమావేశాలు ఆదివారం ఇక్కడే. నెమవ్వ బండి వెనక టార్పాలిన్ ఇంకొంచెం ముందుకు లాగి కడతారు. మధ్యాహ్నపు జట్టు పిల్లలు అక్కడ అన్నం తిని, వన్నారీ వచ్చాక ఆమె వెంట లోపలికి పోతారు. అప్పటిదాకా నెమవ్వ బండి కట్టదు. "ఊరికే అనుకోకండి, ఆదివారం వచ్చి నా కుండలు తోమాలి" అంది నెమవ్వ. సాయంత్రం పిల్లల్ని ఎక్కించుకోవడానికి మిల్లు ట్రక్కు బడి గేటు దగ్గర ఆగాలని అడిగితే డ్రైవరు గీరగా, "ఒక్క హారన్ కొడతా అక్కా, రెండోది కొట్టను" అన్నాడు. ఇప్పటికీ రెండు కొడుతూనే ఉన్నాడు.

రిత్‌కు జరిగిందంతా థావీ తనే చెప్పింది. "మరి మనం అనుకున్న మాట?" అన్నాడు. "తేడా పిల్లది కాదు" అంది థావీ. "అది ఇక్కడే చదువుతుంది. నువ్వు వచ్చినప్పుడు ఆదివారం సమావేశానికి నువ్వు పోదువుగాని." అతను కాదనలేదు.

ఆ ఆదివారం సమావేశం ముగిసే ముందు హెడ్‌మాస్టరు లేచి నిలబడ్డాడు. హాజరు గురించి మందలించడానికి రాసుకొచ్చిన కాగితం ఆయన జేబులోనే ఉండిపోయింది. థావీ పిల్ల మెడలోని తాడు తీసి నెమవ్వ చేతికిస్తుంటే ఆయన చూశాడు. ఇప్పుడు ఆ తాళంచెవి, మరికొన్ని తాళంచెవులతో కలిసి, గంజన్నం బండికి కొట్టిన మేకుకు వేలాడుతోంది.

"తల్లి మిల్లులో ఉంది, పిల్ల బళ్ళో ఉందనుకుంది" అన్నాడాయన. "టీచరేమో పిల్ల ఊళ్ళో ఉందనుకుంది. అవ్వ, తల్లే తనకు అప్పగించిందనుకుంది. వీళ్ళలో చెడ్డవాళ్ళు ఒక్కరూ లేరు. పిల్ల రాకపోతే తల్లిని తప్పుబట్టాలని మాకు తెలుసు గాని, వచ్చి అడగాలని తెలియలేదు. పిల్ల ఎక్కడుందో తెలుసుకోవలసింది తల్లి ఒక్కతేనని మిగతావాళ్ళం ఊరుకుంటే, ఆ పిల్ల ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా పోతుంది."